పార అన్న మాటను తవ్వడం: పనిముట్టు పేరు పుట్టుక వెతికే పద్ధతి

త్రిస్సూరులో ఇనుప సామాన్ల కొట్టుకు వెళ్లి పార కావాలని అడిగితే కొట్టతను గునపం తెచ్చి చేతిలో పెడతాడు. ఆయన తప్పేం లేదు. మలయాళంలో పార అంటే గునపమే. మనం పార అనేదాన్ని అక్కడ తూంబా అంటారు, కైక్కోట్టు అంటారు. మాట ఒకటే, పలకడమూ ఒకటే, వస్తువు మాత్రం వేరు.

పనిముట్ల పేర్లతో ఉన్న చిక్కంతా ఇదే. పేరు ఒక దారిన పోతుంది, వస్తువు ఇంకో దారిన పోతుంది. మధ్యలో ఒకదానికొకటి ఎదురై జతలు మార్చుకుంటాయి. అందుకే పార, గునపం, గుద్దలి లాంటి మాటల మూలం వెతకాలంటే నిఘంటువు తెరిస్తే చాలదు. ఏది ముందు చూడాలో, దేన్ని ఎంతవరకు నమ్మాలో ఒక వరస ఉంది. ఆ వరసను పార మీదే చేసి చూపిస్తున్నాం. ఇదే పద్ధతి కొడవలికీ నాగలికీ రోకలికీ పనికొస్తుంది. కావలసినవి ఒక నోటుబుక్కు, ఒక టేపు, ఇంటర్నెట్టు ఉన్న ఫోను, రెండు మూడు రోజుల ఓపిక.

ముందు వస్తువు

పేరు జోలికి వెళ్లకముందే వస్తువును రాసుకోండి. రేకు వెడల్పు, పొడవు, మందం. కామ, అంటే కర్ర పిడి, ఎంత పొడవుంది. కామ రేకులోకి ఎలా దూరింది. కామకూ రేకుకూ మధ్య కోణం ఎంత. పని చేసేటప్పుడు మనిషి దాన్ని తనవైపు లాగుతాడా, ముందుకు తోస్తాడా, నిలువునా దించుతాడా. ఈ ఆఖరి ప్రశ్న మిగతా అన్నిటికన్నా ముఖ్యం.

ఎందుకో చూడండి. బడిలో అందరం స్పేడ్ అంటే పార అని నేర్చుకున్నాం. ఇంగ్లండులో స్పేడ్ అనేదానికి రేకు, కర్ర ఒకే గీతలో ఉంటాయి. కాలితో అంచును తొక్కి మట్టిలోకి దించి పెళ్లగిస్తారు. మన పారకు రేకు కర్ర నుంచి లోపలికి వంగి ఉంటుంది. పైకెత్తి మట్టిలోకి కొట్టి తనవైపు లాగుతారు. పని తీరును బట్టి చూస్తే మన పార వాళ్లు హో అనే పనిముట్టుకు దగ్గర. ఇంగ్లీషు-తెలుగు నిఘంటువుల్లో స్పేడ్‌కు ఎదురుగా పార అని ఉండటం వాడకానికి సరిపోతుంది, మూలం వెతకడానికి సరిపోదు. ఆ సమీకరణం పట్టుకుని బయల్దేరితే మొదటి అడుగే పక్కదారి పడుతుంది.

గునపం లాంటి కడ్డీ అయితే పొడవు, మందం, బరువు రాయాలి. తక్కెడ దొరక్కపోతే బరువు లెక్క కట్టొచ్చు. గుండ్రటి ఇనుప కడ్డీ మందాన్ని మిల్లీమీటర్లలో కొలిచి, ఆ అంకెను దానితోనే హెచ్చించి, 162తో భాగిస్తే మీటరుకు ఎన్ని కిలోలో వస్తుంది. 25 మిల్లీమీటర్ల మందం, 5 అడుగుల పొడవు ఉన్న కడ్డీ 5.9 కిలోల దాకా తూగుతుంది. 32 మిల్లీమీటర్లు, 6 అడుగులు అయితే 11.6 కిలోలు. పలకల కడ్డీకి ఈ లెక్క పనిచెయ్యదు, దాన్ని తూచాల్సిందే. బరువు గొడవ దేనికంటారా? ఒకే ఇంట్లో గునపం, పలుగు అని రెండు పేర్లు వినిపించినప్పుడు అవి ఒకే వస్తువు పేర్లా, లేక ఒకటి బరువైనది, ఇంకొకటి తేలికైనదా అన్నది కొలత లేకుండా తేలదు. మొనలు కూడా గీసి పెట్టుకోండి. ఒక కొస సూదిగా, ఒక కొస ఉలిలా చదునుగా ఉండటం మామూలు. రెండు కొసలకూ వేరే పేర్లుంటే అవీ రాయాలి.

ఊళ్లో అడగడం

ఇప్పుడు పేరు. వస్తువు చేతిలో పెట్టి "దీన్నేమంటారు?" అని మాత్రమే అడగండి. "దీన్ని గునపం అంటారా?" అని అడిగారో, అవతలివాళ్లు మర్యాదకు అవునంటారు. మీ మాటే మీకు తిరిగొస్తుంది. ఇలా పాడైన సేకరణలు కోకొల్లలు.

ఆ తరవాత వరసగా మరో నాలుగు ప్రశ్నలు. ఇంకేమైనా అంటారా? మీ అత్తగారి ఊళ్లో ఏమంటారు? దీంతో చేసే పనిని ఏమంటారు? ఇలాంటిదే చిన్నది, పెద్దది ఉంటే వాటినేమంటారు? అత్తగారి ఊరి ప్రశ్న తమాషాగా అనిపిస్తుంది గానీ చాలా పనికొస్తుంది. పెళ్లై వేరే ఊరు వచ్చినవాళ్లకు రెండు మాటలూ తెలుసు, రెండిటి తేడా కూడా తెలుసు.

ఎవరిని అడగాలి? కమ్మరిని తప్పకుండా. మొన అరిగిన కడ్డీని కాల్చి సాగదీసేది ఆయనే కనుక ఆయన దగ్గర ప్రతి భాగానికీ పేరుంటుంది. ఉపాధి హామీ పనికి వెళ్లేవాళ్లు, బావుల పూడిక తీసేవాళ్లు, గోతులు తవ్వేవాళ్లు తరవాత. హార్డ్‌వేర్ కొట్టువాళ్ల మాటను విడిగా రాయండి. వాళ్లు సరుకు వచ్చిన ఊరి పేరు వాడతారు.

మాటను విన్నట్టే రాయాలి. గెడ్డపార అని వినిపిస్తే గెడ్డపార అనే రాయండి. దిద్దడం తరవాతి పని. బహువచనం, "తో" చేర్చిన రూపం కూడా పలికించి వినండి. మాట చివర అచ్చు అసలేమిటో అక్కడ బయటపడుతుంది. జంట పదాలు, సామెతలు వదలొద్దు. "పలుగూ పారా" అన్న జంటలో పని పంపకం ఉంది. పలుగు నేలను వదులు చేస్తుంది, పార ఆ మట్టిని లాగి తట్టకెత్తుతుంది. అంటే ఈ జంట పుట్టిన చోట పార అనే మాటకు కడ్డీ అర్థం లేదన్నమాట. గడ్డపార మింగి శొంఠి కషాయం తాగిన సామెత అందరికీ తెలుసు. మింగరానిదాన్ని మింగడమే అక్కడ హాస్యం కనుక పొడుగాటి కడ్డీ అని దానంతటదే తెలుస్తోంది. అర్థాన్ని ఇలా వాడకంలోంచి రాబట్టినప్పుడు నిఘంటువు ఏమన్నా అనకపోయినా ఫరవాలేదు.

నిఘంటువులు చూసే వరస

మొదట చూడాల్సింది మాండలిక వృత్తి పదకోశం మొదటి సంపుటం. ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ కోసం భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో వచ్చింది. అది వ్యవసాయ పదాలది. ఏ మాట ఏ ప్రాంతంలో వినిపించిందో చెబుతుంది కనుక మీరు రాసుకున్న దాన్ని మొదట దానితో పోల్చాలి. రెండో సంపుటం, 1971ది, చేనేత మాటలది. మన పనికి అక్కర్లేదు.

రెండోది బ్రౌన్ తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు. 1852లో వచ్చింది, 1903లో పెంచి దిద్దారు. వాడుక మాటలను చేర్చుకోవడంలో బ్రౌన్ చెయ్యి పెద్దది. మూడోది బహుజనపల్లి సీతారామాచార్యుల శబ్దరత్నాకరం, 1885. అది కావ్యాల్లోని మాటలకు పెద్ద పీట వేస్తుంది. మాట దేశ్యమో (ఇక్కడి సొంత మాట), తత్సమమో (సంస్కృతం నుంచి దాదాపు ఉన్నదున్నట్టు వచ్చిన మాట) గుర్తు కూడా పెడుతుంది. ఒక హెచ్చరిక: దేశ్యం అన్న గుర్తును మూలం తేలినట్టు చదవకండి. సంస్కృతం నుంచో ప్రాకృతం నుంచో వచ్చినట్టు ఆ నిఘంటుకారుడికి కనిపించలేదు, అంతవరకే దాని అర్థం.

నాలుగోది బరో, ఎమెనో ఇద్దరూ కలిసి చేసిన ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువు. 1961లో మొదటి కూర్పు, 1984లో రెండోది. రెండోదే వాడాలి. ఇందులో ఒక అంకె కింద తమిళంతో మొదలుపెట్టి అన్ని ద్రావిడ భాషల చుట్టపు మాటలనూ పేరుస్తారు. తెలుగు మాట ఎక్కడుందో వెనక ఉన్న తెలుగు సూచికలో చూసి, ఆ అంకె దగ్గరికి వెళ్లాలి. సంస్కృతం వైపు మాటలకు టర్నర్ చేసిన భారతీయ ఆర్యభాషల తులనాత్మక నిఘంటువు. బ్రౌన్‌నీ బరో-ఎమెనోనూ టర్నర్‌నూ షికాగో విశ్వవిద్యాలయం దక్షిణాసియా డిజిటల్ లైబ్రరీలో ఉచితంగా వెతకొచ్చు. తెలుగు నిఘంటువులు చాలావరకు ఆంధ్రభారతి సైటులో ఒకే పెట్టెలో వెతకడానికి ఉన్నాయి.

వెతికేటప్పుడు మాట దొరకలేదంటే తొంభై పాళ్లు రాతలో తేడా. పాత నిఘంటువులు పనిముట్టు పేరు చివర "ము" పెడతాయి. గునపం కోసం గునపము అని కొట్టాలి. తవ్వు అన్నది త్రవ్వు దగ్గర ఉంటుంది. అరసున్నలు (ఁ), బండిఱలు (ఱ) మార్చి మార్చి చూడండి.

చుట్టాలను పిలవడం

అసలు పని ఇక్కడ. పొరుగు భాషల్లో అదే మాట ఉందా, ఉంటే ఏ అర్థంలో ఉంది?

తమిళంలో పారై అంటే గునపం. కడప్పారై అన్నా అదే. మలయాళంలో పార గునపమని మొదటే చెప్పుకున్నాం. ఆ భాషలో ఒకడి పనికి చాటుగా గండి కొట్టడాన్ని "పార వెయ్యడం" అంటారు. మన పార పట్టుకుని ఆ నుడికారం అర్థం చేసుకోవాలంటే కుదరదు. గోడ కింద గునపం పెట్టి పెకలించడం ఊహించుకోండి, వెంటనే అర్థమవుతుంది. కన్నడంలో హారె. అదీ గునపమే.

హారెకూ పారకూ ఏం సంబంధం అంటారేమో. పోలిక చూడ్డానికి బాగుంది కదా అని కలపకూడదు. రెండు భాషల మధ్య శబ్దాలు ఒక కట్టుబాటుతో మారాయా అని చూడాలి. మన పాలు వాళ్లకు హాలు. పులి హులి. పంది హంది. పల్లె హళ్లి. పాత కన్నడంలో ఇవన్నీ ప-కారంతోనే ఉండేవి, పదో శతాబ్దం తరవాత మెల్లగా హ-కారమయ్యాయి. కనుక హారె ఒకప్పుడు పారె. ఇలా కనీసం మూడు నాలుగు జంటలు అదే మార్పును చూపించినప్పుడే చుట్టరికం కట్టండి. కామ అన్న మాటనే తీసుకోండి. తమిళంలో కాంబు. పాముకు పాంబు, వేముకు వేంబు. తమిళంలో మ తరవాత ఉన్న బ మన దగ్గర రాలిపోయింది. కామకు తమిళంలో కాడ, తొడిమ అన్న అర్థాలూ ఉన్నాయి. మొక్క కాడ, పనిముట్టు కర్ర ఒకే మాట కావడంలో వింతేముంది.

ఇప్పుడు ర, ఱ. ఇది అందరూ దాటేసే మెట్టు. మన నోట ఈ రెండూ ఎప్పుడో కలిసిపోయాయి. తమిళులు, మలయాళులు ఇప్పటికీ వేరుగా రాస్తారు, మలయాళులు వేరుగా పలుకుతారు కూడా. తమిళంలో పారై మామూలు ర-తో రాస్తే గునపం. పాఱై అని బండిఱ-తో రాస్తే బండరాయి. మలయాళంలోనూ అంతే, పార గునపం, పాఱ బండ. "బండను పగలగొట్టేది కాబట్టి పార" అని ఎవరైనా చెబితే వినసొంపుగానే ఉంటుంది గానీ ఈ ఒక్క అక్షరం దాన్ని నిలవనివ్వదు. "మట్టి పారవేసేది కాబట్టి పార" అన్న వివరణకూ అదే గతి. పారవేయులో ఉన్నది పాఱు, పాత రాతలో బండిఱ. తమిళ, మలయాళ రూపాల్లో ఉన్నది మామూలు ర. తెలుగు కవులూ నిఘంటుకారులూ తరవాతి కాలంలో ఈ రెండక్షరాలను చాలాచోట్ల తారుమారు చేశారు కనుక తెలుగు రాత ఒక్కదాన్నే సాక్ష్యంగా తీసుకోకండి. ఏరు, ఏఱు చూడండి. మొదటిది ఏరుకోవడం, రెండోది నది. మనకిప్పుడు రెండూ ఒకటే అయ్యాయి. సంస్కృతంలో పారం అంటే అవతలి గట్టు, పారావారం అన్న మాటలో ఉంది. దానికీ మన పనిముట్టుకూ ఏ సంబంధమూ లేదు.

మరి పార అసలర్థం ఏది, కడ్డీయా, వెడల్పాటి రేకా? తమిళం, మలయాళం, కన్నడం మూడింటిలోనూ కడ్డీ. తెలుగులో విడిగా పార అంటే రేకు. కానీ తెలుగులోనే గడ్డపార అన్నప్పుడు కడ్డీ, దోకుడుపార అన్నప్పుడు కలుపు చెక్కే రేకు. దోకడమంటే గీరడం కదా. అంటే తెలుగు పార రెండు రకాల వస్తువులనూ మోస్తోంది. పార ఒక్కటే అంటే రేకు అయిపోయింది కనుక కడ్డీని చెప్పడానికి ముందు గడ్డ చేర్చాల్సి వచ్చిందని అనుకోవచ్చు. మా మొగ్గు కడ్డీ అర్థమే పాతది అన్నవైపు. ఇనుముతో చేసి నేలను పెకలించేది ఏదైనా పారే అయి, తరవాత ఒక్కో భాష ఒక్కో వస్తువుకు దాన్ని కుదించుకుందన్న వాదనకూ చోటుంది. మీరు రాసేటప్పుడు రెండూ రాయండి. మూడు భాషలు ఒకవైపు ఉన్నాయి కదా అని ఓట్లు లెక్కపెట్టినట్టు తీర్పు చెప్పొద్దు. ఆ మూడూ పక్కపక్క భాషలు, ఒకదాని మార్పు ఇంకొకదానికి అంటుకునే వీలుంది.

గడ్డపార దగ్గర జాగ్రత్త

గడ్డపారలో గడ్డ అంటే మట్టిగడ్డ అని ఎవరికైనా అనిపిస్తుంది. గడ్డలు పెళ్లగించే పార. అర్థం అతికినట్టుంది. అంత చక్కగా అతికినప్పుడే అనుమానించాలి. తమిళ కడప్పారైలో ముందున్న ముక్క కడ, ఒంటి అక్షరం. మట్టిగడ్డను, ముద్దను చెప్పే తమిళ మాట కట్టి, అందులో ట-వత్తు ఉంది. రెండూ ఒకటి కావు. అలాగని తెలుగు గడ్డపార, తమిళ కడప్పారై ఒకే మాట అని తేలినట్టూ కాదు. ఎవరికి వారు తమ భాషలో అర్థమయ్యేలా ముందు ముక్కను దిద్దుకుని ఉండొచ్చు. ఇలాంటి చోట నోటుబుక్కులో రెండు నిలువు గీతలు గీసి ఒకవైపు "పార: చుట్టరికం ఖాయం", ఇంకోవైపు "గడ్డ: తెలుగులో మట్టిగడ్డ, తమిళ రూపంతో అక్షరం కుదరలేదు" అని రాసి వదిలెయ్యడం మంచిది. సమాసంలో రెండు ముక్కలకూ ఒకే తీర్పు ఉండాలన్న నియమం లేదు.

ఖనిత్రం, గని, కందకం

పుస్తకాల్లో తవ్వే పనిముట్టుకు ఖనిత్రం అని కనిపిస్తుంది. దీని నిర్మాణం అద్దంలా కనిపిస్తుంది. ఖన్ అంటే తవ్వు, ఇత్ర అంటే ఆ పనికి సాధనం. పాణిని అష్టాధ్యాయిలో 3.2.184 సూత్రం ఏడు ధాతువులకు ఈ ఇత్ర చేరుతుందని చెబుతుంది. లూ, అంటే కోయు, దానికి చేరితే లవిత్రం, కొడవలి. చర్, అంటే నడుచు, దానికి చేరితే చరిత్రం. తవ్వుకోలకూ చరిత్రకూ తోక ఒకటేనన్నమాట, ఈ పని చేసేవాళ్లకు ఇంతకన్నా ముచ్చటైన మాట ఇంకోటి దొరకదు.

మాట వయసు కావాలంటే మొదట ఎక్కడ కనిపించిందో చూడాలి. ఋగ్వేదం 1.179.6లో అగస్త్యుడు ఖనిత్రాలతో తవ్వుతున్నాడు. మనుస్మృతి 2.218లో ఖనిత్రంతో తవ్వేవాడికి నీళ్లు దొరికినట్టే గురుసేవ చేసేవాడికి విద్య దొరుకుతుందని ఉంది. ఇక్కడ చాలామంది చేసే పొరపాటు, ఖనిత్రం పక్కన పార అనో గునపం అనో రాసెయ్యడం. తవ్వే సాధనం అని తప్ప ఆ మాట ఆకారం చెప్పదు. మనువు మాటను బట్టి నీరు పడేంత లోతు తవ్వే పనికి వాడేవారని మాత్రం అనొచ్చు. మొదటి కనిపింతను మాట పుట్టిన తేదీగా రాయడం ఇంకో పొరపాటు. నోట్లో ఎన్నాళ్లున్నాక గ్రంథంలోకి వచ్చిందో గ్రంథం చెప్పదు.

ఇదే ఖన్ నుంచి ఖని, దాన్నుంచి మన గని. గోదావరిఖని పేరులో ఖని సంస్కృత రూపంలోనే నిలిచింది, దాని పక్కనే బొగ్గు గని అన్నప్పుడు తెలుగు నోటికి లొంగిన రూపం. ఖనిజం సరేసరి. లక్క ఇంటి నుంచి పాండవులకు సొరంగం తవ్విపెట్టడానికి విదురుడు పంపిన మనిషిని భారతం ఖనకుడంటుంది. అంటే తవ్వేవాడు.

ఇప్పుడు కందకం. కోట చుట్టూ ఉండే అగడ్త. ఇది ఖన్దక్ అనే అరబ్బీ మాట, హిందుస్తానీ మీదుగా మనకు వచ్చింది. అరబ్బులకు అది పారశీకుల నుంచి చేరింది, అక్కడ కందన్ అంటే తవ్వడం. ఆ పారశీక ధాతువు, సంస్కృత ఖన్ ఒకే తల్లి బిడ్డలు. గని, కందకం రెండూ తెలుగులో పక్కపక్కనే ఉన్నాయి గానీ ఒకటి సంస్కృతం వైపు నుంచి, ఇంకొకటి పారశీక అరబ్బీల చుట్టూ తిరిగి వచ్చింది. ఇలాంటివి రాసేటప్పుడు "చివరి మూలం", "మనకు ఇచ్చినవారు" అని రెండు గళ్లు పెట్టండి. రెండూ కలిపేస్తే కందకం సంస్కృతం నుంచి వచ్చిందని రాసే ప్రమాదం ఉంది.

గుద్దలి: ఎవరిచ్చారు, ఎవరు తీసుకున్నారు

గుద్దలి తెలుగు నిఘంటువుల్లో ఉంది. కన్నడంలో నిత్యం వినిపిస్తుంది. మనం భూమిపూజ అనేదాన్ని వాళ్లు గుద్దలి పూజె అంటారు. తమిళంలో కుందాలి. సంస్కృతంలో కుద్దాలం, హిందీలో కుదాల్. పాలీ జాతక కథల్లో 70వది కుద్దాల జాతకం. తన మొండి కుద్దాలం మీద మమకారం చావక సన్యాసం తీసుకున్నవాడు మళ్లీ మళ్లీ ఇంటికొచ్చి, ఆఖరికి దాన్ని నదిలోకి విసిరేస్తాడు. ఎక్కడ పడిందో తెలిస్తే వెతుక్కుంటానేమోనని కళ్లు మూసుకుని మరీ.

సంస్కృతంలో ఉంది కనుక సంస్కృతం నుంచే వచ్చిందనడం పాత అలవాటు. ఇక్కడ అడగాల్సింది ఒకటే. ఆ మాటను ఆ భాషలోని ధాతువుతో విడదీసి చెప్పగలమా? ఖనిత్రం విడిపోయింది, ఖన్ దొరికింది. కుద్దాలం అలా సాఫీగా విడిపోదు. ద్రావిడ భాషల్లో దక్షిణమంతటా ఉంది. అందుకే ద్రావిడం నుంచి సంస్కృతంలోకి వెళ్లిందనే పండితులున్నారు, వాదం ముగియలేదు. గ-కారం చూసి కంగారు పడొద్దు. తెలుగు, కన్నడాల మొదటి గ-కు తమిళంలో క-కారం రావడం మామూలే, గూడుకు తమిళంలో కూడు. గుద్దేది కాబట్టి గుద్దలి అనేవాళ్లూ ఉన్నారు. తమిళ కుందాలిలోని న-కారాన్ని ఆ వివరణలో ఎక్కడ పెట్టాలో వాళ్లే చెప్పాలి.

ఓడ మీద వచ్చినవి, ఓడెక్కి పోయినవి

పికాసు ఇంగ్లీషు పికాక్స్. కన్నడంలో పికాసి. ఇందులో గొడ్డలి అనే అర్థమిచ్చే ఆక్స్ ఉందని ఇంగ్లీషువాళ్లే అనుకుంటారు. పాత ఫ్రెంచి పిక్వా నుంచి వచ్చిన మాటను వాళ్ల పల్లెజనం తమకు తెలిసిన ఆక్స్‌తో అతికించుకున్నారు. మధ్యయుగపు ఇంగ్లీషులో అది పికాస్‌గా కూడా ఉండేది. మన పికాసు ఆ పాత రూపంలా వినిపించడం కేవలం కాకతాళీయం. మన నోట "క్స్" అరిగి "స" అయింది, అంతే. కాకతాళీయాన్ని గుర్తుపట్టే ఉపాయం: ఆ రెండు రూపాలూ కలుసుకోగల కాలం, చోటు ఉన్నాయా అని చూడండి. ఇక్కడ లేవు.

ఎదురు దిక్కుకు వెళ్లినది మమోటీ. తమిళ మణ్‌వెట్టి, అంటే మన్ను కోసేది. మద్రాసు ఇంగ్లీషువాళ్ల నోట మమోటీ అయింది. యూల్, బర్నెల్ 1886లో వేసిన హాబ్సన్-జాబ్సన్ కోశంలో ఉంది. శ్రీలంక ఇంగ్లీషులో ఇప్పటికీ అదే మాట. టెండరు కాగితాల్లో మమోటీ కనిపిస్తే అది పారే.

హిందీ ఫావ్డా వేరే మాట. దాన్ని తెలుగు చెవి పావడాగా విని నవ్వుకుంటుంది. వినికిడి పోలిక తప్ప ఏమీ లేదు.

ఎక్కడ బోల్తా పడతారు

పేకముక్కల్లో ఇస్పేటు ఇంగ్లీషు స్పేడ్ కాబట్టి ఆ నల్లటి గుర్తు పార బొమ్మ అని చాలామంది రాస్తారు. కాదు. ఇంగ్లీషు పేకలో ఆ పేరు ఇటలీ నుంచి వచ్చింది, అక్కడ స్పాదా అంటే కత్తి, స్పాదె కత్తులు. ఇంగ్లీషులో తవ్వే స్పేడ్ ముందు నుంచీ ఉన్న వాళ్ల సొంత మాట. రెండూ ఒకే రూపంలో వచ్చి కూర్చున్నాయి. ఇంకా వెనక్కి వెళితే గ్రీకులో వెడల్పాటి రేకును చెప్పే స్పాథే దగ్గర రెండిటికీ దూరపు చుట్టరికం ఉంది. కానీ పేకకు పేరు పెట్టింది కత్తే. డచ్చివాళ్లు మాత్రం ఆ రంగును నిజంగానే పారలు అంటారు.

పండితులకూ తప్పలేదు. "స్పేడ్‌ను స్పేడ్ అను", అంటే ఉన్నది ఉన్నట్టు చెప్పు, అన్న ఇంగ్లీషు నానుడి గ్రీకులో తొట్టి గురించి, స్కాఫే. యూరపు పండితుడు ఎరాస్మస్ దాన్ని లాటిన్‌లోకి మార్చేటప్పుడు తవ్వే పనిముట్టును చెప్పే దగ్గరి మాటతో పొరబడ్డాడు. 1542లో నికోలస్ యూడల్ అనువాదం ద్వారా ఇంగ్లీషులోకి పాతుకుపోయింది. అసలు గ్రంథం తెరవకుండా అనువాదంలో ఉన్న పనిముట్టు పేరును సాక్ష్యంగా తీసుకోకూడదనడానికి ఇది చాలు. పురాణాల తెలుగు సేతల్లో పార, గునపం కనిపించినప్పుడు మూల శ్లోకంలో ఏముందో చూడటం అందుకే తప్పనిసరి.

చివరికి రాసి పెట్టుకునేది

ఒక్కో మాటకు ఒక్కో పేజీ. మనం చూసినంతలో పారకు ఇలా వస్తుంది:

మాట: పార, పారలు, పారతో. వస్తువు: లోపలికి వంగిన వెడల్పు రేకు, కర్ర కామ, ఎత్తి కొట్టి తనవైపు లాగుతారు. విన్న ఊరు, చెప్పినవారి వయసు, పని, తేదీ. సమాసాలు: గడ్డపార (కడ్డీ), దోకుడుపార (కలుపు రేకు). జంట: పలుగూ పారా. చుట్టాలు: తమిళం పారై, మలయాళం పార, కన్నడం హారె, మూడింటా గునపం. కట్టుబాటు: ప నుంచి హ, పాలు-హాలు, పులి-హులి. ర-కారం: తమిళ, మలయాళాల్లో మామూలు ర, బండ అనే మాటలో ఱ. తోసిపుచ్చినవి: బండ, పారవేయు, సంస్కృత పారం, కారణం పక్కనే. తేలనివి: కడ్డీ ముందా రేకు ముందా (మొగ్గు కడ్డీ వైపు), గడ్డపారలో గడ్డ.

చెప్పినవారి పేరు అక్కర్లేదు, ఊరు, వయసు, పని చాలు. తోసిపుచ్చినవాటిని కొట్టెయ్యకుండా ఉంచండి. ఆరు నెలల తరవాత ఎవరో ఒకరు వచ్చి "మట్టి పారవేసేది కాబట్టి పార" అని మళ్లీ చెబుతారు, అప్పుడు ఆ పేజీ తీసి చూపించొచ్చు.